బ్రష్ తిప్పినా రంగు పడట్లేదా? ఫొటో ఎడిటింగ్ క్లాసులో ముందుగా అర్థం కావాల్సినవి

ఫొటో ఎడిటింగ్ నేర్పే క్లాసులో మొదటి వారం తప్పకుండా వినపడే మాట ఒకటుంది. "సార్, బ్రష్ తిప్పుతున్నాను, రంగు పడట్లేదు." వెనక వరుసలోంచి ఒకరు అంటారు. వెంటనే ఇంకో ఇద్దరు "నాక్కూడా సార్" అంటారు. మౌస్ పాడైందేమోనని ఒకరికి అనుమానం, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయిందేమోనని ఇంకొకరికి భయం. వెళ్లి చూస్తే మూడు కంప్యూటర్లలో మూడు వేర్వేరు కారణాలు కనిపిస్తాయి. ఒకరు ఫొటోలో ఏదో మూల చిన్న ముక్క సెలెక్ట్ చేసి ఆ సంగతి మర్చిపోయారు. ఆ ముక్క బయట ఎంత రుద్దినా రంగు అంటదు. రెండోవాళ్లు కింది లేయర్ (పొర) మీద రంగు వేస్తున్నారు, పై లేయర్ దాన్ని కప్పేస్తోంది. మూడోవాళ్ల చెయ్యి కీబోర్డు మీద అంకెలకు తగిలి, బ్రష్ ఒపాసిటీ, అంటే రంగు ఎంత గట్టిగా పడాలన్న అంకె, మూడు శాతానికి దిగిపోయింది. రంగు పడుతూనే ఉంది, కంటికి ఆనట్లేదు, అంతే.

ఇలాంటప్పుడు టీచర్ చేసే సులువైన పని, మౌస్ అందుకుని రెండు క్లిక్కులతో సరిచేసి ముందుకు వెళ్లిపోవడం. మొదట్లో నేనూ అదే చేసేదాన్ని. బ్రష్ పని చేసేది, పిల్లలు సంతోషించేవాళ్లు, మర్నాడు మళ్లీ అదే ప్రశ్న వచ్చేది. కొన్ని బ్యాచ్‌లు గడిచాక నాకు అర్థమైన విషయం ఏమిటంటే, వాళ్లకు రానిది బ్రష్ కాదు. ఆ బ్రష్ ఏ షరతులకు లోబడి పనిచేస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. టూల్ పేరు, దాని షార్ట్‌కట్, మెనూలో అది ఉండే చోటు అన్నీ చెప్పాం. వీటన్నిటి వెనక ఉన్న లెక్క మాత్రం చెప్పలేదు.

ఆ లెక్క పెద్దదేమీ కాదు. ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో వందల కమాండ్లు ఉంటాయి కానీ, వాటిలో దాదాపు ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలతో పట్టుకోవచ్చు. ఈ మార్పు ఎక్కడ జరుగుతోంది? ఎంత జరుగుతోంది? వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలనా? రంగు పడని ముగ్గురినే చూడండి. మొదటి ఇద్దరి చిక్కు "ఎక్కడ" దగ్గర ఉంది, మూడోవాళ్ల చిక్కు "ఎంత" దగ్గర ఉంది. ఈ ప్రశ్నలు అలవాటైనవాళ్లు తమ తప్పు తామే వెతుక్కోగలరు. అలవాటు కానివాళ్లు వంద వీడియోలు చూసినా, వీడియోలో ఉన్నది తమ స్క్రీన్ మీద లేనప్పుడు ఆగిపోతారు.

ఫొటో అంటే అంకెల పట్టిక

అన్నిటికంటే ముందు ఫొటో అంటే ఏమిటో తేలాలి. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన రసెల్ కిర్ష్ 1957లో తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లు. మొత్తం 30,976. ఒక్కో గడిలో నలుపో తెలుపో, రెండే అవకాశాలు. అయినా అది ఒక బిడ్డ ముఖమని మనకు తెలిసిపోతుంది. ఈ రోజు మన కెమెరాలు తీసే ఫొటోలూ అదే జాతివి. గళ్లు పెరిగాయి, గడిలో పట్టే అంకెలు పెరిగాయి.

24 మెగాపిక్సెల్ ఫొటో అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 గళ్లు, అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. ప్రతి పిక్సెల్‌లో మూడు అంకెలు ఉంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. మామూలు 8 బిట్ ఫొటోలో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. మూడూ సున్నా అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే తెలుపు, మూడూ సమానంగా మధ్యలో ఉంటే బూడిద రంగు. 256ను మూడుసార్లు గుణిస్తే వచ్చే 1,67,77,216 రంగులు దీంతో చెప్పొచ్చు.

ఈ మాట నోటితో చెబితే ఎవరి మనసులోకీ ఎక్కదు. అందుకే నా క్లాసులో మొదటి గంట ఏ టూలూ ముట్టుకోనివ్వను. అందరినీ ఒక ముఖం ఉన్న ఫొటో తెరిచి, కంటి మీద 3200 శాతం జూమ్ చేయమంటాను. కన్ను మాయమై చదరాలు మిగులుతాయి. పిక్సెల్ రంగు అంకెలు చూపించే ఐడ్రాపర్ టూల్‌ను ఒక్కో చదరం మీద పెట్టి ఆ మూడు అంకెలు కాగితం మీద రాయమంటాను. పది చదరాలు రాసేసరికి క్లాసంతా నిశ్శబ్దం అయిపోతుంది. "తెల్లగుడ్డు తెల్లగా లేదు, సార్‌తో చెప్పు" అని పక్కవాళ్లకు గుసగుసలు పోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, నేను మేడమ్‌నే అయినా అలవాటుగా సార్ అనేస్తూ. నిజమే, ఆ చదరాలు 170, 160, 158 లాంటి అంకెల్లో ఉంటాయి. అది తెలుపని మన మెదడు అనుకుంటోంది. ఫైల్‌లో మాత్రం లేత బూడిద ఉంది. ఫొటో ఎడిటింగ్ మొదలయ్యేది ఈ తేడా తెలిసినప్పుడే అని నా నమ్మకం.

రిజల్యూషన్ గురించి ఉండే గందరగోళం కూడా ఇక్కడే విడిపోతుంది. "ఈ ఫొటో 72లో ఉంది, 300 చేస్తే క్లియర్ అవుతుంది" అనే మాట చాలామంది నమ్ముతారు. 72, 300 అనేవి అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు సర్దాలో ప్రింటర్‌కు ఇచ్చే సూచన మాత్రమే. పిక్సెళ్ల లెక్క మార్చకుండా ఆ అంకె ఒక్కటే మారిస్తే ఫొటోలో ఒక్క చుక్క కూడా మారదు. 6000 పిక్సెళ్ల వెడల్పును అంగుళానికి 300 చొప్పున సర్దితే 20 అంగుళాల ప్రింట్ వస్తుంది. 1200 పిక్సెళ్లే ఉంటే 4 అంగుళాలు వస్తుంది. అంతకంటే పెద్దది కావాలంటే లేని పిక్సెళ్లను ప్రోగ్రామ్ చుట్టుపక్కల వాటిని చూసి ఊహించి పుట్టించాలి. ఇమేజ్ సైజ్ డైలాగ్‌లో రీశాంపుల్ అనే టిక్ చేసే పని ఇదే. ఆ టిక్ ఉందా లేదా అన్నది చూడకుండా ఓకే కొట్టడం వల్ల పోయిన ఫొటోలు నేను చాలా చూశాను.

ఎంత?

ఫొటో అంకెలని ఒప్పుకున్నాక, ఎడిటింగ్ అంటే ఆ అంకెలను మార్చడమేనని అర్థమవుతుంది. అన్ని అంకెలకూ 60 కలిపితే ఫొటో వెలుగవుతుంది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దాన్ని నేను బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. మూడు పిక్సెళ్లు తీసుకుందాం. 200, 220, 240. మబ్బులోని మూడు రకాల తెలుపు అనుకోండి. ఒక్కోదానికి 60 కలిపితే 260, 280, 300 రావాలి. కానీ 255 దాటి చోటు లేదు. మూడూ 255 అయిపోతాయి. ఇప్పుడు "అయ్యో, ఎక్కువైంది" అని 60 తీసేస్తే? మూడూ 195 అవుతాయి. 200, 220, 240 తిరిగి రావు. మబ్బు పోయి, దాని చోట చదునైన బూడిద రంగు అట్ట మిగులుతుంది. స్లైడర్‌ను మొదటి చోటికి తెచ్చినా ఫొటో మొదటి స్థితికి రాలేదన్న సంగతి ఈ మూడు అంకెలతో ఎవరికైనా తెలిసిపోతుంది.

మబ్బు పోతోందని ముందే చెప్పేది హిస్టోగ్రామ్. చాలామంది దాన్ని చూసి టెన్షన్ పడి మూసేస్తారు కానీ, అది జనాభా లెక్క లాంటిది. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. ఏ వెలుగు ఉన్న పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో అంత ఎత్తు గీత. గీతలు కుడి గోడకు ఆనుకుని నిటారుగా లేచాయంటే చాలా పిక్సెళ్లు 255 దగ్గర ఇరుక్కున్నాయని, అక్కడ వివరం పోయిందని అర్థం. "మంచి హిస్టోగ్రామ్ మధ్యలో కొండలా ఉండాలి" అని కొందరు నేర్పుతారు. అది తప్పు. రాత్రి తీసిన ఫొటో ఎడమకే ఒరుగుతుంది, మంచులో తీసింది కుడికే ఒరుగుతుంది. అలా ఉండటమే వాటికి సరి.

లెవెల్స్ టూల్ ఈ హిస్టోగ్రామ్ కిందే మూడు చిన్న త్రికోణాలు పెడుతుంది. ఒక పాత, వెలిసిన ఫొటోలో అంకెలన్నీ 40కి 200కి మధ్యనే ఉన్నాయనుకోండి. అసలు నలుపూ లేదు, అసలు తెలుపూ లేదు, అందుకే చప్పగా ఉంది. నలుపు త్రికోణాన్ని 40 దగ్గరకి, తెలుపు త్రికోణాన్ని 200 దగ్గరకి జరిపితే, 40 ఉన్నది 0 అవుతుంది, 200 ఉన్నది 255 అవుతుంది, మధ్యవి ఆ నిష్పత్తిలో సాగుతాయి. 120 ఇంచుమించు 128 అవుతుంది. ఒక్కసారిగా ఫొటోకు ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. నాకు తెలిసి క్లాసులో తొలిసారి "అబ్బా!" అని వినపడేది ఇక్కడే. కర్వ్స్ ఇదే పనిని ఇంకా సూక్ష్మంగా చేస్తుంది. మూడు పిడులకు బదులు, గీత మీద ఎక్కడ కావాలంటే అక్కడ పట్టుకుని లాగొచ్చు. లెవెల్స్ బాగా వచ్చినవాళ్లకు కర్వ్స్ ఒక్క పూటలో వస్తుంది. అది రాకుండా దీనికి దిగినవాళ్లు గీతను ఊరికే అటూ ఇటూ వంచుతూ కూర్చుంటారు.

రంగు సంగతీ ఇంతే. బల్బు వెలుతురులో తీసిన ఫొటోలో తెల్ల కాగితం పసుపుపచ్చగా కనిపిస్తుంది. అంకెలు చూస్తే 230, 205, 160. నీలం తగ్గిందని అంకెలే చెబుతున్నాయి. వైట్ బ్యాలెన్స్ ఐడ్రాపర్‌తో ఆ కాగితం మీద క్లిక్ చేస్తే "ఈ మూడూ సమానం కావాలి" అని ప్రోగ్రామ్‌కు చెప్పినట్టు. ఆ లెక్కనే మొత్తం ఫొటోకు వర్తింపజేస్తుంది. అందుకే నిజజీవితంలో బూడిదో తెలుపో అయిన వస్తువు మీదే క్లిక్ చేయాలి. ఒక అబ్బాయి బుగ్గ మీద క్లిక్ చేసి, ముఖమంతా నీలంగా మారితే కంగారుపడ్డాడు. చర్మాన్ని బూడిద రంగు చేయమని తనే అడిగాడని అంకెలు చూశాక తెలిసింది.

కలర్ ఫొటోను నలుపు తెలుపు చేయడం తేలికనుకుంటాం కానీ, అది ఎడిటింగ్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పాఠం. మన కన్ను ఆకుపచ్చను వెలుగుగా, నీలాన్ని చీకటిగా చూస్తుంది. అందుకే ఎక్కువగా వాడే లెక్కలో ఎరుపుకు దాదాపు 30 శాతం, ఆకుపచ్చకు 59 శాతం, నీలానికి 11 శాతం వాటా ఇస్తారు. దీని ప్రకారం ఎరుపు ఒక్కటే 200 ఉన్న పువ్వు రేకు 60 అవుతుంది. ఆకుపచ్చ ఒక్కటే 102 ఉన్న ఆకు కూడా 60 అవుతుంది. కలర్‌లో కొట్టొచ్చినట్టు విడిపోయిన పువ్వూ ఆకూ నలుపు తెలుపులో ఒకటైపోతాయి. ఎరుపు వాటా కాస్త పెంచితే పువ్వు వెలుగులోకి వస్తుంది, ఆకు వెనక్కి తగ్గుతుంది. బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్‌లో ఉండే రంగురంగుల స్లైడర్లు ఇందుకే. రంగులు తీసేస్తున్నప్పుడు రంగుల స్లైడర్లు ఎందుకని అడిగేవాళ్లకు ఈ పువ్వు చూపిస్తే చాలు.

ఇంతా చేసి, అంకెలు ఎందుకు, కంటికి బాగుంటే సరిపోదా అని ఒక ప్రశ్న వస్తుంది. సరిపోదు. ఎడ్వర్డ్ ఏడెల్సన్ అనే శాస్త్రవేత్త 1995లో ఒక బొమ్మ ప్రచురించారు. చదరంగం బల్ల మీద ఒక స్తంభం, దాని నీడ. నీడలో ఉన్న ఒక తెల్ల గడి, వెలుగులో ఉన్న ఒక నల్ల గడి, రెండూ నిజానికి ఒకే బూడిద రంగు. ఐడ్రాపర్ పెట్టి చూపించినా నమ్మబుద్ధి కాదు. చుట్టూ ఏముందో దాన్నిబట్టి కన్ను తీర్పు మార్చుకుంటుంది. పైగా ఒకే ఫొటో ముందు అరగంట కూర్చుంటే కన్ను దానికి అలవాటు పడిపోయి, అతిగా పెంచిన రంగు కూడా మామూలుగానే తోస్తుంది. పది నిమిషాలకోసారి స్క్రీన్ వదిలి దూరంగా చూసి రమ్మని నేను చెప్పేది ఆరోగ్యం కోసం మాత్రమే కాదు.

ఎక్కడ?

ముఖం మాత్రమే వెలుగు కావాలి, ఆకాశం వద్దు. ఇక్కడ సెలెక్షన్ వస్తుంది. చీమల బారులా కదిలే చుక్కల గీత లోపల మాత్రమే మార్పు జరుగుతుంది. గుండ్రంగా, చదరంగా, చేతి గీతతో, రంగును బట్టి, అంచును బట్టి సెలెక్ట్ చేయడానికి డజను టూల్స్ ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా నేర్పుతూ పోతే రెండు వారాలు పడుతుంది, పిల్లలకు విసుగొస్తుంది. నేను ఒక్కటి నేర్పి మిగతావి వాళ్లనే వెతుక్కోమంటాను. ఎందుకంటే ఏ టూల్‌తో చేసినా చివరికి తయారయ్యేది ఒకే వస్తువు, మాస్క్.

మాస్క్ అర్థమైతే సగం ఎడిటింగ్ వచ్చినట్టే. మాస్క్ కూడా ఒక ఫొటోనే, కాకపోతే నలుపు తెలుపుది. ఫొటో ఎంత పెద్దదో అంత పెద్దగా దాని మీద పరిచి ఉంటుంది. తెలుపు ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది. ఇంతవరకూ అందరికీ వెంటనే తెలుస్తుంది. తెలియంది బూడిద సంగతి. మాస్క్‌లో కూడా 0 నుంచి 255 దాకా అంకెలే ఉన్నాయి కాబట్టి, 128 ఉన్నచోట లేయర్ సగం కనిపిస్తుంది. అంటే "ఎక్కడ" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఉందా లేదా అని కాక, ఎంత ఉంది అని వస్తుంది. జుట్టు అంచులు కత్తిరించి అతికించినట్టు ఎందుకుంటాయంటే, అక్కడ మాస్క్ ఒకేసారి నలుపు నుంచి తెలుపుకు దూకింది. ఫెదర్ చేయడమంటే ఆ దూకుడును మెట్లుగా మార్చడం. మనిషిని తనంతట తనే గుర్తుపట్టి సెలెక్ట్ చేసే ఆటోమేటిక్ టూల్స్ ఇప్పుడు చాలా ప్రోగ్రాముల్లో ఉన్నాయి. అవి కూడా చేతికిచ్చేది ఇలాంటి మాస్క్‌నే. చెవి దగ్గరో వేళ్ల సందులోనో అది తప్పినప్పుడు, తెల్ల బ్రష్షో నల్ల బ్రష్షో తీసుకుని దిద్దుకోవడం తెలిసినవాళ్లే ఆ టూల్‌ను నిజంగా వాడుకోగలరు.

రంగు పడకపోవడానికి నాలుగో కారణం ఇక్కడే ఉంది. లేయర్ పక్కన రెండు చిన్న బొమ్మలు ఉంటాయి, ఒకటి ఫొటో, ఒకటి మాస్క్. ఏది క్లిక్ చేసి ఉంటే బ్రష్ దాని మీద పనిచేస్తుంది. మాస్క్ మీద ఉండగా ఎర్ర రంగు వేయబోతే ఎరుపు రాదు, ఫొటోలో ఆ చోటు మసకబారుతుంది. ఆ బొమ్మ చుట్టూ ఉండే సన్నటి చట్రాన్ని చూసుకోవడం అలవాటు చేయడానికి నాకు ప్రతి బ్యాచ్‌లోనూ మూడు వారాలు పడుతుంది.

లేయర్లు అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శకమైన కాగితాలని అందరూ చెబుతారు, నేనూ అదే చెబుతాను. ఆ పోలిక ఒక మేరకే సరిపోతుంది. పై లేయర్ కిందిదానితో ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్స్ దగ్గరకొచ్చేసరికి లేయర్లు కాగితాల్లా ప్రవర్తించవు, లెక్క చేసుకుంటాయి. మల్టిప్లై మోడ్‌లో పై పిక్సెల్‌ను కింది పిక్సెల్‌తో గుణించి 255తో భాగిస్తారు. తెలుపు 255 కాబట్టి దానితో గుణిస్తే కిందిది అలాగే ఉంటుంది. నలుపు సున్నా కాబట్టి ఏదైనా నలుపే అవుతుంది. తెల్ల కాగితం మీద చేసిన సంతకాన్ని స్కాన్ చేసి, మల్టిప్లైలో పెడితే కాగితం మాయమై సిరా మాత్రమే మిగలడానికి కారణం ఈ గుణకారమే. స్క్రీన్ మోడ్ దీనికి తలకిందులు. మిగిలిన పాతిక మోడ్ల పేర్లూ బట్టీ పట్టాల్సిన పని లేదు. ఈ రెండూ ఎందుకలా చేస్తాయో తెలిస్తే చాలు.

వెనక్కి తీసుకోగలనా?

ఫొటోషాప్ 1990లో బయటికొచ్చింది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. తొలి వెర్షన్‌లో లేయర్లే లేవు. అవి 1994లో 3.0తో వచ్చాయి. అంతకుముందు ఒక బొమ్మ అతికించాక అది ఫొటోలో కలిసిపోయేది, మళ్లీ విడదీయడం ఉండేది కాదు. అనేక అడుగులు వెనక్కి వెళ్లే హిస్టరీ 1998లో 5.0తో వచ్చింది. అంతకుముందు అన్‌డూ ఒక్కసారే. ఈ చరిత్ర నేను క్లాసులో చెప్పేది పాతవాళ్ల కష్టం గొప్పగా చూపించడానికి కాదు. ఈ సాఫ్ట్‌వేర్ ఎటు నడిచిందో చూస్తే దేనికి విలువ ఇవ్వాలో తెలుస్తుంది. పెద్ద మార్పుల్లో చాలా "వెనక్కి తీసుకోవడం" వైపే జరిగాయి. 1996లో 4.0తో అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వచ్చాయి. మొదటినుంచీ ఉచితంగా దొరుకుతున్న గింప్‌లో కూడా, ఫిల్టర్‌ను వేశాక మళ్లీ తెరిచి సవరించుకునే వీలు 2025లో 3.0తో స్థిరమైన వెర్షన్‌లోకి చేరింది.

బోర్డు మీద పోయిన మబ్బు గుర్తుందా? అదే 60ని అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా పెడితే కింద 200, 220, 240 చెక్కుచెదరవు. పైన "60 కలుపు" అనే సూచన మాత్రమే ఉంటుంది. రేపు దాన్ని 20 చేయొచ్చు, మాస్క్ వేసి ముఖానికే పరిమితం చేయొచ్చు, తీసి పారేయొచ్చు. ఎక్కడ, ఎంత, వెనక్కి అన్న మూడు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరుకుతుంది కాబట్టే, మెనూలో నేరుగా ఉన్న బ్రైట్‌నెస్ కమాండ్‌ను నేను తొలి నెలంతా వాడనివ్వను. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ లాంటి ప్రోగ్రాములు ఇంకో అడుగు ముందుకేశాయి. అవి ఒరిజినల్ ఫైల్‌ను ముట్టుకోవు, చేసిన మార్పుల సూచనలు విడిగా దాచుకుంటాయి.

సేవ్ చేసేటప్పుడు జరిగే నష్టం మాత్రం ఏ అన్‌డూతోనూ పోదు. జేపెగ్ ఫైల్ చిన్నగా ఉండటానికి కారణం, అది ఫొటోను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల ముక్కలుగా విడగొట్టి, కన్ను పట్టించుకోని సూక్ష్మ వివరాన్ని వదిలేస్తుంది. వదిలేసింది తిరిగి రాదు. ఎడిట్ చేసి మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. లేయర్లన్నీ కూడా ఒక్కటైపోతాయి. అందుకే పని జరుగుతున్నంత కాలం ఆ ప్రోగ్రామ్ సొంత ఫైల్‌గా, అంటే ఫొటోషాప్‌లో పీఎస్‌డీగా, గింప్‌లో ఎక్స్‌సీఎఫ్‌గా ఉంచుకోవాలి. పంపించేటప్పుడు మాత్రమే జేపెగ్ కాపీ తీయాలి. వెనక పారదర్శకంగా ఉండాలంటే పీఎన్‌జీ. అది వివరం పోగొట్టదు కానీ, ఫొటోలకు బరువెక్కువ. వారం రోజుల ప్రాజెక్టును ఒక్క జేపెగ్‌గా సేవ్ చేసి, పీఎస్‌డీ లేదని తెలిసి ఏడ్చిన అమ్మాయి పక్కన నేను కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఫైల్ పేర్లు, సేవ్ చేసే పద్ధతి మొదటి రోజు పాఠంలోకి తెచ్చాను.

మచ్చలు తీయడం, చీకటిగది మాటలు

క్లాసులో అందరూ ఆత్రంగా ఎదురుచూసేది మచ్చలు తీసే టూల్స్ కోసం. క్లోన్ స్టాంప్ ఒక చోటి పిక్సెళ్లను ఉన్నవున్నట్టు ఇంకో చోట పరుస్తుంది. హీలింగ్ బ్రష్, మూలం నుంచి చర్మపు గరుకును తీసుకుని, రంగునూ వెలుగునూ మచ్చ చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. నుదుటి మధ్య మచ్చకు హీలింగ్ చక్కగా పనిచేస్తుంది. మచ్చ జుట్టు అంచుకు ఆనుకుని ఉంటే, చుట్టుపక్కల అంటే జుట్టు నలుపు కూడా కాబట్టి, అక్కడ మసి పూసినట్టవుతుంది. అక్కడ క్లోన్ వాడాలి. ఈ పని కొత్తగా తెరిచిన ఖాళీ లేయర్ మీద చేయాలి, మనిషి ముఖం అడుగున భద్రంగా ఉండాలి.

కొన్ని టూల్స్ పేర్లు వింతగా ఉంటాయి. డాడ్జ్, బర్న్ అనేవి ఫిల్మ్ రోజుల డార్క్‌రూమ్ నుంచి వచ్చాయి. ప్రింట్ కాగితం మీద వెలుతురు పడుతున్నప్పుడు పుల్లకు గుచ్చిన అట్టముక్కతో కొంత చోటుకు నీడ పడితే అక్కడ తెల్లబడేది. చేతిని దొన్నెలా పట్టి ఒక చోటికే వెలుతురు పంపితే నల్లబడేది. టూల్‌బార్‌లో కనిపించే ఆ పుల్ల బొమ్మ, చేతి బొమ్మ అవే. పేరులో "షార్ప్ కానిది" అని ఉండి కూడా ఫొటోను షార్ప్ చేసే అన్‌షార్ప్ మాస్క్ కథా అదే. మసక కాపీని ఒరిజినల్‌తో కలిపి అంచులు తేల్చే డార్క్‌రూమ్ పద్ధతి నుంచి ఆ పేరు వచ్చింది. ఇది అంచుకు ఒక పక్క నలుపును, మరో పక్క తెలుపును కాస్త పెంచుతుందే తప్ప, కెమెరా పట్టని వివరాన్ని తెచ్చిపెట్టదు. ఫొటోను చివరి సైజుకు తెచ్చాకే చేయాలి.

ఎంతవరకు?

"ఎంత" అన్న ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది. దాన్ని క్లాసులో చెప్పకుండా దాటవేయడం తప్పని నేను అనుకుంటాను. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు కవర్‌లో పట్టడం కోసం గీజా పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరకి జరిపింది. అది పెద్ద చర్చ అయింది. అక్కడ వస్తువులే కదిలాయి కాబట్టి తప్పని ఎవరైనా అంటారు. 1994 జూన్‌లో జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. హత్య కేసులో నిందితుడైన ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోను టైమ్, న్యూస్‌వీక్ రెండూ ఒకే వారం కవర్ మీద వేశాయి. టైమ్ కవర్‌లో ముఖాన్ని బాగా నల్లబరిచారు. రెండూ పక్కపక్కనే చూసినవాళ్లకు తేడా తెలిసిపోయింది, జాతి వివక్ష అని తీవ్రమైన విమర్శలు వచ్చాయి. అక్కడ ముఖంలో ఒక్క అవయవమూ జరగలేదు. మారింది ప్రధానంగా వెలుగూ నీడా, అంటే మన పిల్లలు రెండో వారంలో నేర్చుకునే పనే.

ఆ రెండు కవర్లూ క్లాసులో చూపించాక, లెవెల్స్ త్రికోణాన్ని పట్టుకునే చేతులు కొంచెం నెమ్మదిస్తాయి. వార్తా ఫొటోల్లో సాధారణంగా క్రాప్, మితమైన టోన్ సవరణ ఒప్పుకుంటారు, వస్తువులు చేర్చడం తీసేయడం ఒప్పుకోరు. ప్రకటనలో లెక్క వేరు, ఇంట్లో పాత ఫొటో బాగుచేయడంలో వేరు. నా వరకు ఒక అలవాటు పెట్టుకున్నాను. చర్మం మెరుగుపరిచే లేయర్ అయిపోగానే దాని ఒపాసిటీని సగానికి తగ్గించి చూస్తాను. చాలాసార్లు అదే బాగుంటుంది.

ఏ ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు, చేతికి అందేదానితో అని చెబుతాను. గింప్ ఉచితం. ఫొటోపీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, పీఎస్‌డీ ఫైళ్లు కూడా తీసుకుంటుంది. మెనూలో పేర్లు అటూ ఇటూ అవుతాయి. పిక్సెల్, మాస్క్, లేయర్ అన్నిచోట్లా అవే.

కోర్సు చివరి రోజు నేను పెట్టే పరీక్షలో మార్కులు అందానికి ఇవ్వను. ప్రతి ఒక్కరూ ఒక పాత, గీతలు పడిన ఫొటోను బాగుచేసి, లేయర్లకు పేర్లు పెట్టి, ఫైల్‌ను పక్కవాళ్లకు ఇవ్వాలి. తీసుకున్నవాళ్లకు నేను ఒక చీటీ ఇస్తాను. "రంగు అలాగే ఉంచి, నుదుటి మీది గీత తిరిగి తెప్పించు" అనో, "ముఖం వెలుగు సగం తగ్గించు" అనో రాసి ఉంటుంది. ఫైల్ ఇచ్చినవాళ్లు నోరు విప్పకూడదు. గడిచిన బ్యాచ్‌లో, మొదటి వారం రంగు పడట్లేదని చెయ్యెత్తిన అబ్బాయి ఫైల్ తీసుకున్న అమ్మాయి, చీటీ చదివి, "గీతలు" అని పేరు పెట్టి అతను గీతలు చెరిపిన లేయర్‌కు మాస్క్ వేసి, నుదుటి దగ్గర నల్ల బ్రష్ తిప్పింది. గీత తిరిగి వచ్చింది. అతన్ని ఒక్క మాట కూడా అడగాల్సిన అవసరం రాలేదు.